ప్లేయర్ "పని చేయట్లేదు" అని వెనక్కొస్తే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ జిల్లా గ్రంథాలయంలో చూపులేని పాఠకులకు ఇంటికిచ్చే డైసీ ప్లేయర్లు, అంటే ఆడియో పుస్తకాలను వినిపిస్తూ అధ్యాయానికీ పేజీకీ నేరుగా దూకనిచ్చే చిన్న యంత్రాలు, 12 ఉన్నాయి. ఆ విభాగం మీ చేతికొచ్చి మూడు నెలలైంది. ఈలోపే ఏడు ప్లేయర్లు "పని చేయట్లేదు" అన్న చీటీతో వెనక్కొచ్చాయి. సర్వీసుకు పంపితే నెలల తరబడి ఆలస్యం, కొత్తవి కొనడానికి నిధుల్లేవు, పాఠకులేమో రోజూ ఫోన్ చేస్తున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సూటిగా చెప్తున్నాను: ఏడింటిలో ఒక్కదాన్ని కూడా ఇప్పుడే సర్వీసుకు పంపకండి. వెనక మూత ఉబ్బినట్టున్నది, నీళ్లలో పడ్డది ఏదైనా ఉంటే పక్కన పెట్టి, మిగతా అన్నిటినీ మంచి అడాప్టర్, మంచి కేబుల్‌తో ఈ రాత్రంతా చార్జింగ్ పెట్టండి. పొద్దున పుస్తకాలుండే మెమరీ కార్డు బయటికి తీసి ఆన్ చేయండి. ప్లేయర్ నోరు తెరిచి కార్డు లేదని చెప్పిందంటే అది బాగున్నట్టే, తేడా కార్డులోనో పుస్తకంలోనో ఉంది. తర్వాత బాగా చదువుతుందని మీకు ఖాయంగా తెలిసిన కార్డు ఒకటి ఆ ప్లేయర్‌లో పెట్టండి. వెనక్కొచ్చిన కార్డును వేరే మంచి ప్లేయర్‌లో పెట్టండి. ఈ అటూ ఇటూ మార్పిడితో తప్పు ప్లేయర్‌దా, కార్డుదా, పుస్తకానిదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. ఈ మూడింటినీ విడదీయకుండా బాగుచేయాలని కూర్చుంటే రోజంతా గడిచినా పని తెగదు.

నేను బ్రెయిలీ, ఆడియో పుస్తకాల విభాగంలో 14 ఏళ్లుగా పని చేస్తున్నాను. సీడీలు తిరిగే పెద్ద ప్లేయర్ల నుంచి అరచేతిలో ఇమిడే కార్డు ప్లేయర్ల దాకా అన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. నా అనుభవంలో "చెడిపోయింది" అని వచ్చినవాటిలో నిజంగా స్క్రూడ్రైవర్ పట్టాల్సినవి చాలా తక్కువ. మిగతావన్నీ చార్జింగ్, కార్డు, ఫైళ్లు, లేదంటే తెలియక నొక్కిన ఒక బటన్.

ప్లేయర్‌ను పట్టుకునే ముందు పాఠకుడితో మాట్లాడండి. చీటీ మీద రాసిన "పని చేయట్లేదు" వల్ల మీకేమీ తెలియదు. ఆ చీటీ సాధారణంగా రాసేది పాఠకుడు కాదు, ప్లేయర్ తెచ్చిచ్చిన కొడుకో, పక్కింటి కుర్రాడో. వాడిన మనిషికే ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. ఆన్ చేసినప్పుడు ఏమైనా చప్పుడు వచ్చిందా? ఏమైనా మాట్లాడిందా? అర్థం కాకపోయినా పర్లేదు, విన్నది విన్నట్టు చెప్పమనండి. చివరిసారి బాగా పలికింది ఎప్పుడు? చార్జింగ్ దేనితో పెడుతున్నారు? చూపులేని పాఠకులు చెవితో పట్టుకున్న వివరం మనం కళ్లతో చూసి కనిపెట్టేదానికంటే చాలాసార్లు ఎక్కువ పనికొస్తుంది. "ఆన్ చేయగానే రెండుసార్లు టిక్ టిక్ అని ఆగిపోతోంది" అని ఒక అమ్మగారు చెప్పారు. బ్యాటరీ మొదలుపెట్టడానికి సరిపోతోంది కానీ నిలబడట్లేదని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

దీన్ని నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక రిటైర్డ్ మాస్టారు "రాత్రి చదువుతుంటే అరగంటకే ఆగిపోతోంది" అని ప్లేయర్ వెనక్కి పంపారు. నేను పగలంతా ఆడించి చూశాను, ఏ తేడా లేదు. తిరిగి పంపాను. వారానికల్లా మళ్లీ వచ్చింది. బ్యాటరీ మార్చి పంపాను. మళ్లీ వచ్చింది. మూడోసారి నేనే ఆయన ఇంటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని, రోజూ ఎలా మొదలుపెడతారో అలాగే పెట్టమన్నాను. ప్లే బటన్ కోసం వేలు తడుముతూ పక్కనున్న స్లీప్ బటన్, అంటే కాసేపటికి ప్లేయర్ తానే ఆగిపోయేలా చేసేది, ఒకసారి నొక్కారు. ప్లేయర్ ఇంగ్లీషులో ముప్పై నిమిషాలని ఏదో అంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు, ఏదో పలికింది కదా, ఆన్ అయిందనుకున్నారు. తర్వాత ప్లే నొక్కారు. సరిగ్గా అరగంటకి అది తన పని తాను చేసుకుపోయింది. ఇన్నాళ్లూ ఆయన ఒక్కో రాత్రి అరగంట పుస్తకంతో పడుకున్నారు.

ప్లే బటన్ మీద ఒక చిన్న స్టిక్కర్ బొట్టు అంటించి వచ్చాను. ఆ తర్వాత ఆ ఫిర్యాదు లేదు. బొట్టు చెమటకి ఊడిపోతే నెయిల్ పాలిష్ మూడు పూతలు ఒకదాని మీద ఒకటి ఆరబెట్టి వేయండి, వేలికి తగిలే చిన్న బుడిపె వస్తుంది, అది అంత తొందరగా ఊడదు. మీ దగ్గరున్న 12 ప్లేయర్లకూ ఒకే బటన్ మీద ఒకే రకం గుర్తు పెట్టండి. ఒకటి మార్చి ఇంకొకటి ఇచ్చినా పాఠకుడు మళ్లీ తడుముకోనక్కర్లేదు.

ఇప్పుడు చార్జింగ్ సంగతి. వెనక్కొచ్చేవాటిలో పెద్ద వాటా దీనిదే. ప్లేయర్‌తో ఇచ్చిన అడాప్టర్ రెండు నెలల్లో ఇంట్లో ఎక్కడో కలిసిపోతుంది, ఆ తర్వాత ఏ ఫోన్ చార్జర్ దొరికితే దానికి తగిలిస్తారు. ఈ చిన్న ప్లేయర్లలో చాలావాటికి కావాల్సింది 5 వోల్టులే. మంచి ఫోన్ అడాప్టర్ అయితే ఇబ్బంది ఉండదు, రోడ్డు పక్కన కొన్న చౌక అడాప్టర్లను మాత్రం నేను నమ్మను. అడాప్టర్ మీద అచ్చేసిన వోల్టులు, ప్లేయర్ అడుగున రాసిన వోల్టులు ఒకటేనా అని ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా గుండ్రటి పిన్ను ఉండే పాత సీడీ ప్లేయర్లకు. పిన్ను సరిపోయిందని తగిలిస్తే లోపల కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో తిరకాసు ఈమధ్య బాగా కనిపిస్తోంది. కొన్ని ప్లేయర్లకు సీ టైప్ సాకెట్ ఉంటుంది కానీ, రెండు వైపులా సీ టైప్ ఉన్న కేబుల్‌తో చార్జింగ్ ఎక్కదు. సాకెట్ వెనక పెట్టాల్సిన చిన్న రెసిస్టర్లు తయారీలో పెట్టకపోతే, అవతల చార్జర్ "ఇక్కడ ఏమీ లేదు" అనుకుని కరెంటు వదలదు. ఒకవైపు వెడల్పాటి పాత రకం యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో పెడితే చక్కగా ఎక్కుతుంది. ఇది తెలియక మంచి ప్లేయర్‌ను మూలన పడేసిన సందర్భాలు నాకు తెలుసు. అలాగే కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కి మాత్రమే, వాటితో కంప్యూటర్‌కి తగిలిస్తే ప్లేయర్ కనిపించదు. కేబుల్ మార్చి చూడకుండా సాకెట్ పోయిందని తేల్చేయకండి.

బాగా ఎండిపోయిన బ్యాటరీ చార్జర్ తగిలించగానే లేవదు. పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు లైటు కూడా వెలగదు. అందుకే రాత్రంతా పెట్టమన్నాను. రాత్రంతా పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి. జేబుల్లో, చేతి సంచుల్లో తిరిగే ప్లేయర్ల సాకెట్‌లో దూది, దుమ్ము గట్టిగా కూరుకుపోయి ఉంటుంది, కేబుల్ లోపలి దాకా దిగదు. ప్లేయర్ ఆఫ్ చేసి, పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో మెల్లగా బయటికి లాగండి. పిన్నీసు, సూది వద్దు.

బ్యాటరీ ఉబ్బితే మాత్రం అక్కడే ఆపేయండి. వెనక మూత కొంచెం పైకి లేచినా, బల్ల మీద పెడితే ప్లేయర్ ఊగుతున్నా చార్జింగ్ పెట్టొద్దు, వేలితో నొక్కి చూడొద్దు, పాఠకుడికి తిరిగి ఇవ్వొద్దు. బ్యాటరీ దానంతట అది ఊడి వచ్చే రకమైతే తీసి విడిగా పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్తబుట్టలో వేయొద్దు. ఊడని రకమైతే అది సర్వీసుకు వెళ్లాల్సిందే.

ఇప్పుడు కార్డు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీ ఏడింటిలో కనీసం రెండు మూడు ఇక్కడే తేలతాయని నా నమ్మకం.

పాత ప్లేయర్లలో చాలావాటికి 32 జీబీ వరకే కార్డు పడుతుంది. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి, అంటే ఫైళ్లను ఆ తీరులో దాచుకునేలా సిద్ధమై వస్తాయి. ఫ్యాట్32 అనే పాత పద్ధతి మాత్రమే తెలిసిన ప్లేయర్‌కు అది ఖాళీ కార్డులాగో, చెడిపోయిన కార్డులాగో కనిపిస్తుంది. కంప్యూటర్‌లో మాత్రం పుస్తకాలన్నీ చక్కగా ఉంటాయి, కాబట్టి మనం ప్లేయర్‌ను అనుమానిస్తాం. అసలు పెద్ద కార్డు అవసరమే లేదు. సెకనుకు 64 కిలోబిట్ల లెక్కన రికార్డు చేసిన పుస్తకం గంటకు సుమారు 29 ఎంబీ అవుతుంది, అంటే 32 జీబీ కార్డులో వెయ్యి గంటలకు పైగా పడుతుంది. ఏ పాఠకుడికైనా సంవత్సరం సరిపోయే చదువు అది. కొనేటప్పుడు 16, 32 జీబీలే కొనండి.

కొన్న ప్రతి కార్డునూ పరీక్షించండి. పైన 32 అని అచ్చేసి లోపల అందులో పావు వంతు కూడా లేని నకిలీ కార్డులు బజారులో చాలా ఉన్నాయి. వాటిలో మొదటి పుస్తకాలు బాగానే పలుకుతాయి, తర్వాతవి సగంలో తెగిపోతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, అది కార్డంతా నింపి మళ్లీ చదివి అసలు ఎంత పడుతుందో చెప్తుంది. గంటలు పడుతుంది. మధ్యాహ్నం పెట్టి మీ పని మీరు చూసుకోండి.

చిన్న మైక్రో కార్డును పెద్ద కార్డు తొడుగులో పెట్టి వాడుతుంటే ఆ తొడుగును కూడా అనుమానించండి. ప్లేయర్ కదిలినప్పుడల్లా ఆగుతోందంటే చాలావరకు అదే. పెద్ద కార్డు పక్కన ఒక బుల్లి మీట ఉంటుంది, అది కిందికి జారితే కార్డు మీద ఏమీ రాయడం కుదరదు. పుస్తకం పలుకుతుంది కానీ పాఠకుడు తన మాటలు రికార్డు చేసుకోలేడు. నోట్స్ రికార్డు కావట్లేదన్న ఫిర్యాదు వస్తే ముందు ఆ మీట చూడండి.

కార్డులో ఏం చేయబోయినా ముందు దాన్నంతా కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. ఇది బతిమాలి చెప్తున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక డిగ్రీ అమ్మాయి కార్డు చదవట్లేదని తెస్తే, తొందరలో ఫార్మాట్ చేసి పుస్తకాలన్నీ మళ్లీ ఎక్కించి ఇచ్చాను. ఆ కార్డులో ఆమె క్లాసులో రికార్డు చేసుకున్న పాఠాలున్నాయి. పరీక్షలు ఇంకో ఇరవై రోజులు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, "సార్, నా నోట్స్ ఎక్కడున్నాయి" అని మాత్రం అడిగింది. చెరిగిన ఫైళ్లను వెలికితీసే ప్రోగ్రాంలతో మూడు రాత్రులు కూర్చున్నా కొన్నే దొరికాయి, ఎందుకంటే నేను వాటి మీదే కొత్త పుస్తకాలు రాసేశాను. కళ్లున్న విద్యార్థి పక్కవాళ్ల నోట్‌బుక్ చూసి రాసుకుంటాడు. ఆమెకు ఆ దారి లేదు. ఆ రోజు నుంచి కాపీ తీయకుండా నేను ఏ కార్డునూ ముట్టుకోలేదు.

కార్డు బాగుంటే ఇక పుస్తకం. డైసీ పుస్తకం మామూలు ఎంపీ3 ఫైళ్ల మూట కాదు. క్యాసెట్ కాలంలో మూడో అధ్యాయానికి పోవాలంటే రీలు తిప్పుతూ వెతకాల్సి వచ్చేది. ఆ బాధ తీర్చి అధ్యాయానికీ, పేజీకీ నేరుగా దూకే వీలు కల్పించడానికే ఈ పద్ధతి వచ్చింది, దాన్ని నడిపే డైసీ కన్సార్టియం 1996లో ఏర్పడింది. అందుకే ఫోల్డర్‌లో ఆడియోతో పాటు దారి చూపే ఫైళ్లుంటాయి. డైసీ 2.02 రకం పుస్తకంలో విషయసూచికలా పనిచేసే ఎన్‌సీసీ అనే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు, ఏ చోటికి ఏ ఆడియో ముక్క పలకాలో చెప్పే స్మిల్ ఫైళ్లు, ఎంపీ3లు ఉంటాయి. డైసీ 3 రకంలో ఎన్‌సీసీ బదులు అదే పనికి ఓపీఎఫ్, ఎన్‌సీఎక్స్ ఫైళ్లుంటాయి. "పాట మాత్రం వస్తోంది, ఈ ఫైళ్లన్నీ దేనికి" అని ఎవరో చోటు కోసం తీసేస్తే పుస్తకం పలుకుతుంది కానీ అధ్యాయాలు దూకదు, పేజీ చెప్పదు. పాఠకుడు "ముందుకు పోవట్లేదు" అంటే ప్లేయర్‌లో బటన్ పోయిందనుకోకండి, ఫోల్డర్ తెరిచి చూడండి.

ఇక్కడ తరచూ కనిపించే తప్పులు కొన్ని చెప్తాను. ఆన్‌లైన్ లైబ్రరీ నుంచి దించుకున్న పుస్తకం జిప్ రూపంలో వస్తుంది. దాన్ని విప్పకుండా అలాగే కార్డులో వేస్తే చాలా ప్లేయర్లకు అది కనిపించదు. విప్పినప్పుడు ఒక ఫోల్డర్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఏర్పడి, అసలు పుస్తకం రెండు గడపల అవతల ఉండిపోతుంది. లోపలి ఫోల్డర్‌ను బయటికి తీసి పెట్టండి. ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే కొన్ని పాత ప్లేయర్లు తడబడతాయి, ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు పెట్టండి. డైసీ పుస్తకం లోపలి ఫైళ్ల పేర్లు మాత్రం మార్చొద్దు, మార్చారా లింకులన్నీ తెగిపోతాయి. విక్టర్ రీడర్ స్ట్రీమ్ లాంటి ప్లేయర్లకు ఏ రకం పుస్తకం ఏ ఫోల్డర్‌లో ఉండాలో నియమం ఉంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే వీఆర్‌డీటీబీ ఫోల్డర్ డైసీ పుస్తకాలకు, వీఆర్‌అదర్‌బుక్స్ అన్నది మామూలు ఎంపీ3 పుస్తకాలకు. అటుది ఇటు వేస్తే పుస్తకాల వరసలో కనిపించదు.

మీ సిబ్బందే రికార్డు చేసిన మామూలు ఎంపీ3 పుస్తకమైతే ఫైళ్లకు 1, 2, 3 అని కాకుండా 01, 02, 03 అని పేర్లు పెట్టండి. లేకపోతే ఒకటో అధ్యాయం తర్వాత పదోది, పదకొండోది పలికి అప్పుడు రెండోదానికి వస్తుంది. నవల చదివే పాఠకుడికి మూడో నిమిషంలోనే హంతకుడెవరో తెలిసిపోతుంది, నిజంగానే ఒకరికి అలా జరిగి చాలా బాధపడ్డారు. కొన్ని చౌక ప్లేయర్లు పేర్లను అసలు పట్టించుకోవు, కార్డులోకి ఏది ముందు కాపీ అయితే దాన్నే ముందు పలుకుతాయి. వాటికి ఫైళ్లను వరసగా ఒక్కొక్కటీ వేయడమే దారి.

ప్లేయర్ పుస్తకం పేరు చెప్పి, తర్వాత మౌనంగా ఉండిపోతే అది తెలుగు పుస్తకమా అని చూడండి. మన తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా వచ్చే సమస్య ఇదే, ఇంగ్లీషు మాన్యువల్‌లో మీకు దొరకదు. డైసీ పుస్తకాల్లో మనిషి గొంతుతో చదివినవి ఉంటాయి, అక్షరాలు మాత్రమే ఉండి ప్లేయరే తన గొంతుతో చదవాల్సినవీ ఉంటాయి. రెండో రకం తెలుగు పుస్తకాన్ని తెలుగు గొంతు లేని ప్లేయర్‌లో వేస్తే పలకడానికి దానికి ఏమీ లేదు. మధ్యలో ఇంగ్లీషు మాటలో, అంకెలో వస్తే అవొక్కటీ పలికి మళ్లీ మూగబోతుంది. నాకు మొదటిసారి ఇది ఎదురైనప్పుడు ప్లేయర్ "పంతొమ్మిది వందల నలభై రెండు" అని ఇంగ్లీషులో చెప్పి ఆగింది. లోపల మతి చెడిందనుకున్నాను. ఆ పేజీలో ఉన్న ఒక్క సంవత్సరాన్ని అది చదివింది, అంతే.

ఫోల్డర్‌లో ఎంపీ3 లాంటి ఆడియో ఫైలు ఒక్కటీ లేకపోతే అది అక్షరాల పుస్తకమే. దానికి రెండు దారులున్నాయి. పాఠకుడి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంటే గూగుల్ తెలుగు గొంతుతో ఫోన్‌లోనే వినొచ్చు. చూపులేని పాఠకుల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం ఉన్నవాళ్లు ఈజీరీడర్ లాంటి యాప్ ద్వారా పుస్తకాన్ని నేరుగా ఫోన్‌లోకి తెచ్చుకోవచ్చు. ఫోన్ చేతకాని పెద్దవాళ్లకైతే మీరే కంప్యూటర్‌లో తెలుగు గొంతుతో ఆడియో చేసి కార్డులో వేయండి. అక్షరాలను చదివి వినిపించే ఈస్పీక్ ఎన్‌జీ అనే ప్రోగ్రాం ఉచితం, దానికి తెలుగు వచ్చు. గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది, ముందే చెప్పి ఇవ్వండి. ఇలా చేయొచ్చా అన్న సందేహం మీ పైవాళ్లకు వస్తే, కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చూపించండి. వైకల్యం ఉన్న పాఠకులు చదువుకోగల రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి సెక్షన్ 52(1)(జెడ్‌బీ) కింద మినహాయింపు ఉంది. ఇదే విషయం మీద వచ్చిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. ఏ బటన్ నొక్కినా పలక్కపోతే కీలు లాక్ అయ్యాయేమో చూడండి, మాన్యువల్‌లో ఏ బటన్ నొక్కిపట్టాలో ఉంటుంది. స్పీకర్ మూగబోయి ఇయర్‌ఫోన్‌లో మాత్రం వినిపిస్తే, ఇయర్‌ఫోన్ పిన్ను ఏడెనిమిది సార్లు పెట్టి తీయండి, లోపలి స్విచ్ ఇరుక్కుపోయి ఉంటుంది. "గొంతు మారిపోయింది, ఎవరో వేరేవాళ్లు చదువుతున్నారు" అంటే వేగం మారింది. వాట్సాప్‌లో వచ్చిన ప్రవచనాలు మనవడు కార్డులో వేశాడు, అవి పలకట్లేదంటే ఆ ఫైళ్లు చాలావరకు ఎంపీ3 కావు, మార్చి వేయండి. సీడీ ప్లేయర్ తడబడితే సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవొద్దు.

బటన్లు అతుక్కుంటే అది చాలావరకు కొబ్బరినూనె, దాని మీద పేరుకున్న దుమ్ము. ప్లేయర్ ఆఫ్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన గుడ్డతో తుడవండి. ద్రవాన్ని నేరుగా ప్లేయర్ మీద పోయకండి. మా దగ్గరికి ఒకసారి వచ్చిన ప్లేయర్ స్పీకర్ జల్లెడలోంచి చీమలు బారుగా బయటికి వచ్చాయి. ప్లేయర్‌ను బెల్లం డబ్బా ఉన్న గూట్లో పెట్టారట. ఇస్తున్నప్పుడే జిప్పున్న చిన్న సంచి ఇవ్వండి.

ప్లేయర్‌ను కొన్ననాటి స్థితికి తెచ్చే ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరి మందు. అంతర్జాలంలో ప్రతివాళ్లూ మొదటి మాటే అది చెప్తారు. రీసెట్ చేస్తే పాఠకుడు పెట్టుకున్న గుర్తులు, ఆగిన చోటు, వేగం, గొంతు అన్నీ పోవచ్చు. 27 గంటల పుస్తకంలో 19 గంటల దగ్గర ఉన్న మనిషికి మళ్లీ మొదటి పేజీ వినిపిస్తే, ఆ చోటు వెతుక్కోవడానికే రెండు రోజులు పడుతుంది. చాలామంది వెతుక్కోరు, పుస్తకం వదిలేస్తారు. అందుకే ఏ ప్లేయర్ వచ్చినా, పలికే స్థితిలో ఉంటే ముందు సమాచారం బటన్ నొక్కి పుస్తకం పేరు, అధ్యాయం, ఎంతసేపు విన్నారో రాసుకోండి. పలకకపోతే పాఠకుణ్ని అడగండి, "ఆఖర్న ఏం జరుగుతోంది" అంటే చాలు, కథలో ఎక్కడున్నారో చెప్తారు. బదులు ప్లేయర్ ఇచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని ఆ చోటికి జరిపి ఇవ్వండి. వాళ్లు ప్లే నొక్కితే నిన్నటి వాక్యం తర్వాతి వాక్యం వినిపించాలి.

మరి సర్వీసుకు నిజంగా పంపాల్సినవి ఏవి? ఉబ్బిన, మీరు తీయలేని బ్యాటరీ. నీళ్లలో పడ్డది. మంచి కార్డు పెట్టినా, రెండు కేబుళ్లు మార్చినా, రాత్రంతా చార్జింగ్ పెట్టినా లేవనిది. లోపల సాకెట్ ఊగుతున్నది. సాకెట్ అయితే మీ ఊళ్లో సెల్‌ఫోన్ బాగుచేసే నమ్మకమైన మనిషిని ముందు అడగండి, వారంటీ అయిపోయి ఉంటేనే. పంపేటప్పుడు కార్డు తీసి మీ దగ్గర ఉంచుకోండి. నేను ఒకసారి కార్డుతో సహా పంపితే ప్లేయర్ వచ్చింది, కార్డు రాలేదు.

ఇక ముందు ఇవి వెనక్కి రాకుండా ఉండాలంటే, ప్లేయర్ ఇచ్చే రోజు పావుగంట కేటాయించండి. మీరు చూపించడం కాదు, పాఠకుడి చేతే ఆన్ చేయించండి, చార్జర్ తగిలింపించండి, కార్డు తీసి పెట్టించండి. చార్జర్ పిన్ను ఏ వైపు తిప్పి పెట్టాలో తెలిసేలా దాని మీద కూడా బొట్టు అంటించండి. ఇంగ్లీషులో ప్లేయర్ చెప్పే నాలుగైదు మాటలకు అర్థం తెలుగులో మీ గొంతుతో రికార్డు చేసి కార్డులో మొదటి ఫైలుగా వేయండి. బ్యాటరీ తక్కువ, కార్డు లేదు, లాక్ అయింది, నిద్ర సమయం, పుస్తకం అయిపోయింది. మా దగ్గర ఈ ఒక్క ఫైలు పెట్టాక ఫోన్లు బాగా తగ్గాయి. బీరువాలో ఖాళీగా ఉన్న ప్లేయర్లను సగం చార్జింగ్‌తో పెట్టి, రెండు నెలలకోసారి బయటికి తీసి చూడండి. నెలల తరబడి పూర్తిగా ఎండిపోయి ఉన్న బ్యాటరీ తర్వాత కోలుకోకపోవచ్చు.

ఈ రాత్రి వాటిని చార్జింగ్ పెట్టాక, ఒక్కో దాని పక్కన ఒక కాగితం పెట్టండి: కార్డు లేకుండా ఏం పలికింది, మంచి కార్డుతో ఏం పలికింది, దాని కార్డు వేరే ప్లేయర్‌లో ఏం పలికింది. ఆ మూడు వరుసలు, ప్లేయర్ మోడల్ పేరు ఇక్కడ రాయండి. వాటిలో ఏది ఎటు తేలిందో చూసి, ఒక్కో దానికి ఏం చేయాలో విడివిడిగా చెప్తాను. ఈలోపు బాగున్న అయిదింటిలో ఏదైనా ఖాళీగా ఉంటే, రోజూ ఫోన్ చేస్తున్న ఆ పాఠకులకు ముందు అవి పంపండి.